తొమ్మిది గళ్ళ పక్కన కూడిక గుర్తు

పోయిన వారం మా అక్కని వరండాలో, చేతిలో మడతపెట్టిన కాగితంతో నిలబెట్టి వదిలేశాను. వారమంతా మీలో ఎంతమంది నన్ను తిట్టుకున్నారో నాకు తెలుసు. తిట్టుకోండి. ఆ కాగితంలో ఏముందో చదివాక నేనూ ఎవరినో ఒకరిని తిట్టాలనే అనుకున్నాను, ఎవరూ దొరక్క అక్కనే తిట్టాను.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు. మాది ఊరికి నీళ్ళు వదిలే ఆఫీసు. అక్క అక్కడ ల్యాబ్ కెమిస్టు. నేను అదే ఆఫీసులో కంప్యూటర్ల మనిషిని. ఎవరు ఏ ఫైలు చూడొచ్చు, ఎవరు ఏ ఫైల్లో రాయొచ్చు అన్నది చూసుకోవడం నా పని. మా బావ, అంటే అక్క భర్త, పంప్‌హౌస్‌లో షిఫ్టు ఆపరేటరు. రోజూ పొద్దున్నే అక్క నీళ్ళలో క్రిముల్ని చంపే క్లోరిన్ ఎంతుందో కొలిచి ఒక ఫైల్లో అంకె వేస్తుంది. దాన్ని మేం నీళ్ళపట్టీ అంటాం. ఆ అంకె పాయింట్ రెండు దాటితే ఏడు గంటలకి వాల్వు తనంతట తానే తెరుచుకుంటుంది. దాటకపోతే తెరుచుకోదు. ఇంత ఊరూ ఆ ఒక్క అంకెని నమ్ముకుని కుళాయి తిప్పుతుంది.

ఆ సోమవారం అక్క వేసిన అంకె పాయింట్ సున్నా అయిదు. ఆరూ యాభై రెండుకి ఎవరో మధ్యలో ఉన్న సున్నా తీసేశారు. పాయింట్ అయిదు అయి కూర్చుంది. వాల్వు తెరుచుకుంది. అక్క చూసి, లబలబలాడుతూ పరిగెత్తి మూయించేలోపు ఇరవై రెండు నిమిషాలు నీళ్ళు పోయాయి. ఆ లైను మొదట్లోనే బడి ఉంది. పద్దెనిమిది మంది పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. పదిహేడు మంది ఇళ్ళకి వచ్చేశారు. ఒక పాప ఇంకా మంచం మీదే ఉంది.

ఫైలు ఎప్పుడు మారిందో మెషీను చెబుతుంది. ఎవరు మార్చారో చెప్పదు. అందుకని విచారణంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతోంది. ఆ ఫైల్లో రాసే హక్కు ఎవరెవరికి ఉంది? అక్కకి, నాకు. నేను సంతకం పెట్టి ఇచ్చిన కాగితంలో ఆ రెండు పేర్లే ఉన్నాయి. ఆ టైముకి నేను ఆఫీసులో లేను. బాత్రూంలో జారిపడ్డ అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను, అక్కడ రాసిచ్చిన చీటీ కూడా విచారణకి ఇచ్చాను. ఇక మిగిలింది ఎవరో ఒకటో తరగతి పిల్లకైనా తెలుస్తుంది.

సరే, వరండా.

అక్క చేతిలోంచి కాగితం లాక్కుని చదివాను. రెండే వాక్యాలు. ఆ అంకె నేనే మార్చాను. ఇందులో ఇంకెవరికీ సంబంధం లేదు. కింద సంతకం, తేదీ. ల్యాబ్ రిపోర్టు మీద పెట్టినంత శుభ్రంగా పెట్టింది.

"ఏంటక్కా ఇది?"

"చదివావుగా."

"చదివాను కాబట్టే అడుగుతున్నాను. నీకేమైనా మతి పోయిందా?"

"పన్నెండింటికి విచారణ మూసేస్తారట. ఈలోపు ఇచ్చేస్తే ఒక గొడవ వదిలిపోతుంది."

"గొడవ వదలడం ఏంటి? కేసు పెడతారు. ఉద్యోగం పోవడం కాదు, జైలు. ఆ పిల్లల అమ్మానాన్నలు నీ మొహం మీద ఉమ్మేస్తారు. నువ్వు చెయ్యని పనికి!"

అక్క గోడకి ఆనుకుంది. ఆరు రోజుల్లో మనిషి సగమైపోయింది. ల్యాబ్ కోటు భుజాల దగ్గర వేలాడుతోంది.

"లోపల నువ్వేదో కంప్యూటర్లో చూపిస్తావట కదా."

"చూపిస్తాను. విచారణ మేడమ్ అడిగారు. అందరి ముందూ, గోడ మీద వేసి చూపించమన్నారు. ఆ హక్కుల లెక్క కాగితం మీద కాకుండా మెషీన్లోంచే చూడాలట. మంచిదేగా? ఏదో ఒక దారి దొరుకుతుంది."

"చూపించకు."

"ఏం?"

"నీకు దణ్ణం పెడతానే. ఆ కమాండ్లూ గిమాండ్లూ ఏమీ కొట్టొద్దు. ఒంట్లో బాగాలేదని చెప్పు. మెషీను పాడైందని చెప్పు. ఏదో ఒకటి చెప్పు."

నాకు ఒళ్ళు మండింది. అక్క నిద్రలేక, తిండిలేక, భయంతో ఇలా మాట్లాడుతోందనుకున్నాను. చిన్నప్పుడు నా బదులు టీచరు చేత దెబ్బలు తిన్న మనిషి. అందరి బరువూ నెత్తిన వేసుకోవడం ఆవిడకి రోగం. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా హ్యాండ్‌బ్యాగులో కుక్కేసి జిప్పు లాగాను.

"నోరు మూసుకుని లోపలికి రా" అన్నాను. అక్కతో నేను జీవితంలో ఎప్పుడూ అలా మాట్లాడలేదు. ఆవిడ కూడా నిజంగానే నోరు మూసుకుని వచ్చింది.

మీటింగ్ గది రెండో అంతస్తులో ఉంది. కిటికీలోంచి చూస్తే వడపోత తొట్లు కనిపిస్తాయి. ప్రొజెక్టరు ముసలిది, ఏది చూపించినా కాస్త పసుపురంగు వేసి చూపిస్తుంది. బల్లకి ఒకవైపు విచారణ మేడమ్ కూర్చున్నారు. ఆవిడకి రెండు జతల కళ్ళద్దాలు, ఒకటి ముక్కు మీద, ఒకటి మెడలో. పదవీ విరమణ చేసిన అధికారిణి. అరవడం ఎరగరు. ఒకే ప్రశ్నని మెల్లగా మూడుసార్లు అడుగుతారు, మూడోసారికి మనమే ఏదో ఒకటి ఒప్పేసుకుందామనిపిస్తుంది.

ఆవిడ పక్కన మా పెద్దసారు, అంటే ప్లాంటు మొత్తానికి పెద్ద ఇంజనీరు. ఆయన ఎప్పటిలాగే చూపుడువేలికి తాళాల గుత్తి తగిలించి తిప్పుతూ కూర్చున్నారు. పాతికేళ్ళ అలవాటు అది. ఆ గలగల మాకు ఫ్యాను చప్పుడు లాంటిది, చెవిలో పడుతుంది గానీ వినిపించదు.

"మొదలుపెట్టమ్మా" అన్నారు మేడమ్.

కీబోర్డు ముందు కూర్చుని నీళ్ళపట్టీ ఉన్న చోటికి వెళ్ళి, ఫైలు వివరాలు చూపించే కమాండు కొట్టాను. నల్లటి తెర మీద తెల్లటి వరస ఒకటి వచ్చింది. ముందొక చిన్న గీత, తర్వాత తొమ్మిది గళ్ళు.

"మొదటి మూడు గళ్ళూ ఫైలు సొంతదారువి మేడమ్. సొంతదారు మా అక్క. ఆర్ అంటే చదవొచ్చు, డబ్ల్యూ అంటే రాయొచ్చు. మధ్య మూడూ కంప్యూటర్ విభాగానివి. విభాగమంటే నేనొక్కదాన్నే. నాకూ చదవడం, రాయడం ఉన్నాయి. చివరి మూడూ మిగతా అందరివీ. వాళ్ళు చదవొచ్చు, అంతే. పంప్‌హౌస్ వాళ్ళయినా, పెద్దసారయినా సరే. రాయబోతే మెషీను ఒప్పుకోదు."

"పెద్ద ఇంజనీరైనా?"

"ఎవరైనా మేడమ్."

"ఈ హక్కు ఇచ్చేది, తీసేది?"

"నేనే. ఒక్క లైను కమాండు. ఇవ్వాలన్నా అదే, తీసేయాలన్నా అదే."

పెద్దసారు చిన్నగా నవ్వారు. "చూశారుగా మేడమ్. కాగితంలో ఉన్నదే గోడమీదా ఉంది. ఇద్దరే. వాళ్ళలో ఒకరు ఆ టైముకి ఆసుపత్రి దారిలో ఉన్నారు. ఇంక సాగదీయడం దేనికి? నాకూ బాధగానే ఉంది. మంచి కెమిస్టు. ఆ రోజు కొత్త లైను చూడ్డానికి పైఅధికారులు వస్తున్నారు, నీళ్ళు ఆగితే మాట పడాల్సి వస్తుందని కంగారుపడి ఉంటుంది, పాపం."

అక్క తలెత్తలేదు. ఆ 'పాపం' వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏదో అనబోయాను.

"ఒక్క నిమిషం" అన్నారు మేడమ్. లేచి గోడ దగ్గరికి వెళ్ళారు. మెడలో ఉన్న కళ్ళద్దాలు పెట్టుకుని, ఆ వరస చివర వేలితో తుడిచారు.

"గోడమీద మచ్చ అనుకున్నాను" అన్నారు. మచ్చ చెరగలేదు. ఆవిడ వేలిగోరు మీదికి ఎక్కింది. "మచ్చ కాదు. వెలుగులోనే ఉంది. తొమ్మిది గళ్ళన్నావు. తొమ్మిదో గడి పక్కన ఈ కూడిక గుర్తు ఏంటమ్మా?"

కీబోర్డు మీంచి చేతులు తీసేశాను.

ఆ గుర్తు ఏమిటో నాకు తెలియదని కాదు. మా పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. గళ్ళతో కథ అయిపోలేదు, వెనక ఇంకో జాబితా ఉంది, దాన్ని విడిగా అడిగితేనే చెబుతాను అని మెషీను అనడమే ఆ గుర్తు. తెలియాల్సిన దాన్ని నేను చూడలేదు. విచారణకి నేనిచ్చిన కాగితం మెషీన్ని అడిగి రాసింది కాదు. నా నోట్‌బుక్ చూసి రాసింది. ఎవరికి ఏ హక్కు ఇచ్చానో, ఎప్పుడు తీశానో అన్నీ అందులో రాసుకుంటాను. పదేళ్ళుగా ఒక్క పొరపాటు లేదని నాకు ఎంత పొగరో! ఆ పొగరే నన్ను పప్పులో కాలేసేలా చేసింది.

"చెప్పమ్మా."

"ఇంకో జాబితా ఉందని అర్థం మేడమ్."

"ఆ జాబితాలో ఎవరున్నారు?"

"నాకు... గుర్తొస్తోంది."

నిజంగానే గుర్తొచ్చింది. అక్క ఈ ఉద్యోగంలో చేరినప్పుడు పాత కెమిస్టు అప్పటికే రిటైరయ్యారు. మేమందరం తాతగారనేవాళ్ళం. అక్కకి పని నేర్పడానికి ఆయన్ని ఒక నెల వెనక్కి పిలిపించారు. ఆ నెలకి ఆయన పేరు మీద తాత్కాలికంగా ఒక ఖాతా తెరిచి, నీళ్ళపట్టీలో రాసే హక్కు విడిగా ఇచ్చాను. నెల అయిపోయింది. ఆయన ఖాతా తీసేశాను. నోట్‌బుక్‌లో ఆయన పేరు మీద అడ్డంగా గీత కొట్టి, 'తీసేశాను' అని రాశాను. ఆయన వెళ్తూ నా చేతిలో ఒక పెన్ను పెట్టి వెళ్ళారు.

కానీ మెషీనుకి పేర్లు పట్టవు. దానికి నంబర్లే మనుషులు. ఖాతా తీసేస్తే పేరు పోతుంది. ఫైలు జాబితాలో రాసిన నంబరు మాత్రం అలాగే ఉండిపోతుంది. దాన్ని కూడా విడిగా తుడవాలి. నేను తుడవలేదు. తాతగారిది అందరికంటే చివరి నంబరు. అది ఖాళీ అయింది కాబట్టి, ఆ తర్వాత కొత్తగా చేరిన మొదటి మనిషికి మెషీను అదే నంబరు ఇచ్చి ఉంటుంది. దాంతోపాటు ఆ హక్కు కూడా వెళ్ళి ఉంటుంది. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేస్తే గేటు మీద పేరు చెరిపేసి, తాళం మార్చకుండా కొత్తవాళ్ళని దింపినట్టు.

ఇదంతా మేడమ్‌కి చెప్పాను. దాచలేదు.

"అంటే మీరు సంతకం పెట్టి ఇచ్చిన కాగితం తప్పు."

"తప్పే మేడమ్. తప్పు నాది."

"తాతగారి తర్వాత మొదట చేరింది ఎవరు?"

"గుర్తులేదు. ఆ ఏడాది ముప్ఫై మంది దాకా చేరారు. కమాండు కొడితే తెలుస్తుంది."

"కొట్టండి."

సిగ్గుపడాల్సింది పోయి సంతోషపడుతున్నాను. మూడో మనిషి ఉన్నాడు! ఈ ఊళ్ళో అక్క కాకుండా, నేను కాకుండా ఆ ఫైల్లో రాయగలిగిన మూడో మనిషి ఒకడున్నాడు. నా ఉద్యోగం పోతే పోనీ, అక్క బయటపడుతుంది. జాబితా అడిగే కమాండు టైపు చేశాను. గెట్‌ఎఫ్‌ఏసీఎల్ అని పలకడానికి నోరు తిరగని పేరు దానిది. పక్కన ఫైలు పేరు కొట్టాను. ఎంటర్ మీద వేలు పెట్టాను.

"వద్దు!"

అక్క లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడింది.

"వద్దు మేడమ్. అవసరం లేదు. నేనే మార్చాను. రాసి కూడా తెచ్చాను, ఇది తీసుకుని బ్యాగులో పెట్టుకుంది. అడగండి దాన్ని."

పెద్దసారు ముందుకి వంగారు. "ఆవిడే ఒప్పుకుంటోంది కదా మేడమ్. ఇంక చాలు. పాత చెత్త తవ్వుకోవడం ఎందుకు?"

మేడమ్ ఆయన వైపు చూడలేదు. నా వైపు చూశారు. అక్క కూడా నా వైపే చూస్తోంది. కళ్ళతో బతిమాలుతోంది. ఆ చూపు నాకు అర్థం కాలేదు. అర్థమై ఉంటే ఏం చేసేదాన్నో ఇప్పటికీ చెప్పలేను.

నొక్కేశాను.

గోడ మీద జాబితా దిగింది. సొంతదారు, అక్క. విభాగం, నేను. వాటి మధ్య ఇంకో వరస. అందులో నంబరు కాదు, పేరు ఉంది. పక్కన ఆర్, డబ్ల్యూ.

మా బావ పేరు.

ఇంటిపేరు మొదటి అక్షరంతో సహా, నేనే ఆయన చేరిన రోజున నా చేత్తో కొట్టిన పేరు. ఆ రోజు ఆయన పాస్‌వర్డుగా అక్క పుట్టినరోజు పెట్టుకుంటే నేను ఆటపట్టించాను కూడా.

"ఎవరిది ఈ పేరు?" అన్నారు మేడమ్.

కుర్చీ ఎత్తి నిలబెట్టుకుంటూ అక్కే చెప్పింది.

"మా ఆయనది."

తర్వాత నా వైపు తిరిగింది. కోపంగా అనలేదు. అన్నం తినేశావా అని అడిగినంత మామూలుగా అంది.

"నొక్కొద్దన్నాను కదే."

మేడమ్ వచ్చి కూర్చుని కళ్ళద్దాలు మార్చుకున్నారు.

"అంటే ఈ పేరు వస్తుందని మీకు ముందే తెలుసు."

"తెలుసు మేడమ్."

"ఎలా?"

"మూడు నెలల కిందట ఒకరోజు అన్నం తింటూ నవ్వుతూ చెప్పారు. 'మీ పట్టీ నా స్క్రీన్ మీద నన్ను కూడా రాయనిస్తోందోయ్, చూసుకోండి' అన్నారు. చెల్లికి చెప్తానన్నాను. దానికి చెప్తే తన మెషీన్లో తప్పా అని ఎగిరెగిరి పడుతుంది, తీరిగ్గా చెబుదాం లెమ్మన్నారు. మర్చిపోయాం." అక్క కోటు అంచు నలిపింది. "ఆ సోమవారం ఆరుంపావుకి అంకె వేసి, ల్యాబ్‌లో ఉన్న ఫోన్లోంచి పంప్‌హౌస్‌కి ఫోన్ చేశాను. ఆయనే ఎత్తారు. 'పాయింట్ సున్నా అయిదే వచ్చింది, ఇవాళ వాల్వు తెరుచుకోదు' అని చెప్పాను. సరేనన్నారు. తర్వాత చూస్తే అంకె మారింది. ఆయన సీట్లోంచి తప్ప ఇంకెక్కడినుంచి మారుతుంది? ఇంటికెళ్ళి అడిగాను. నోరు మెదపలేదు. ఆ రోజు నుంచి నా మొహం చూడటం లేదు. అన్నం సగంలో వదిలేసి లేచిపోతున్నారు. తప్పు చేసిన మనిషి కాకపోతే ఎందుకలా ఉంటారు మేడమ్? ఆరు రోజులుగా ఒకే ఇంట్లో ఉండి..."

నేను లేచి వెళ్ళి ఆమె భుజం మీద చెయ్యి వేశాను. తోసేయలేదు గానీ, నావైపు వాలనూ లేదు.

"ఆ సోమవారం పొద్దున ఆయన ఖాతా తెరిచి ఉందా?" మేడమ్ నన్నే అడిగారు. "అది కూడా మెషీను చెబుతుందా?"

చెబుతుంది. ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎప్పుడు వెళ్ళారో, ఏ సీటు మీద కూర్చున్నారో చెప్పే కమాండు వేరే ఉంది. నా చేతులు నావి కానట్టు వాటంతట అవే కొట్టాయి. బావ పేరు, పంప్‌హౌస్ సీటు. ఉదయం అయిదూ యాభై ఎనిమిది నుంచి మధ్యాహ్నం రెండూ నాలుగు దాకా. మధ్యలో ఎక్కడా తెగలేదు.

"అయితే ఆరూ యాభై రెండుకి ఆయన ఖాతా ఆ సీట్లో తెరిచే ఉంది" అన్నారు మేడమ్, కలం తీసుకుంటూ.

"సొంత పెళ్ళాం వేసిన అంకె!" అన్నారు పెద్దసారు, తల అటూ ఇటూ ఆడిస్తూ. "ఏం మనుషులండీ."

మేడమ్ కలం కాగితం మీద ఆనింది. బావ పేరులో మొదటి అక్షరం రాస్తున్నారు. ఆ కలం వైపు చూస్తూ మనసులో ఆ అంకెలే తిప్పుకుంటున్నాను. ఆరూ యాభై రెండు. ఆరూ యాభై రెండు. ఆ టైముకి నేనెక్కడున్నాను? మా ఇంటి మెట్ల మీద ఉన్నాను. అమ్మని కిందికి దింపుతున్నాం. మోకాలు నొప్పి, మెల్లగా, మెల్లగా అని అమ్మ ఏడుస్తోంది.

దింపుతున్నాం. నేనొక్కదాన్నే కాదు.

కుర్చీలోంచి సగం లేచాను.

అమ్మ పడగానే అక్కకి చేశాను. ల్యాబ్‌లోకి సెల్‌ఫోన్ తీసుకెళ్ళదు, ఎత్తలేదు. ఆరున్నరకి బావకి చేశాను. పది నిమిషాల్లో స్కూటరు మీద వచ్చేశారు. అమ్మని రెండు చేతులతో ఎత్తుకుని మూడంతస్తులు దింపింది ఆయనే. డ్యూటీలో ఉన్నారుగా బావా అంటే, "సీట్లో మనిషిని కూర్చోబెట్టే వచ్చాను, నువ్వు కంగారుపడకు" అన్నారు. "మీ అక్కకి మాత్రం చెప్పకు, డ్యూటీ వదిలొచ్చానని గంటసేపు క్లాసు పీకుతుంది" అని నవ్వారు. కింది వాటావాళ్ళు సాయం పట్టారని అక్కకి నేనే అబద్ధం చెప్పాను. ఎంత చిన్న అబద్ధం! ఆ తర్వాత విచారణలో ఒక్కొక్కరినీ విడివిడిగా పిలిచి అడిగారు. బావ ఏం చెప్పారో నాకు తెలియదు. ఆయన సీట్లో ఉన్న మనిషిని అడిగే ఉంటారులే అనుకున్నాను.

ఇప్పుడు ఈ మాట చెబితే బావ పని అయిపోయినట్టే. పంప్‌హౌస్ సీటు, అదీ ఖాతా తెరిచిపెట్టి, వదిలేసి వెళ్ళిన ఆపరేటర్ని ఎవరూ ఉంచరు. వెళ్ళింది నేను పిలిస్తే. చెప్పకపోతే ఆ పిల్లల పాపం ఆయన నెత్తిన పడుతుంది, అక్క ఆయన్ని బతికున్నంతకాలం హంతకుణ్ణి చూసినట్టు చూస్తుంది. ఆలోచించడానికి నాకు ఒక్క పేరు రాసేంత టైముంది. మేడమ్ రెండో అక్షరంలో ఉన్నారు.

"ఆ పేరు రాయకండి మేడమ్."

కలం ఆగింది.

"ఆ టైముకి ఆయన పంప్‌హౌస్‌లో లేరు. మా ఇంట్లో ఉన్నారు. అమ్మ పడిపోతే నేనే పిలిచాను. సీట్లో మనిషిని కూర్చోబెట్టే వచ్చానన్నారు. ఆసుపత్రికి నాతో వచ్చారు. నేనిచ్చిన చీటీ మీ ఫైల్లోనే ఉంది, చూడండి. ఏడూ అయిదుకి అమ్మ పేరు రాశారు. కింద తీసుకొచ్చినవాళ్ళ సంతకం ఉంటుంది. అది నాది కాదు, ఆయనది."

మేడమ్ ఫైలు తిరగేశారు. చీటీ బయటికి తీసి, సోమవారం నాటి పంప్‌హౌస్ హాజరు పుస్తకం పక్కన పెట్టి, రెండు సంతకాల మీదా వేలు జరుపుతూ చూశారు. చాలాసేపు చూశారు. ఆ కాసేపట్లో నేను మొక్కని దేవుడు లేడు.

"ఒకటే సంతకం" అన్నారు చివరికి.

అక్క నా ముంజేయి పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"ఆయన కాదా?"

"కాదక్కా."

"నిజంగా కాదా?"

"అమ్మ మీద ఒట్టు. అమ్మని ఎత్తుకుని మెట్లు దిగుతున్నారు ఆయన, ఆ టైముకి. నీకు చెప్పొద్దన్నారు. డ్యూటీ వదిలేసి వచ్చిన సంగతి నీకు ఎలా చెప్పాలో తెలియక మొహం చాటేస్తున్నారేమో. ఆయన వదిలొచ్చిన సీట్లోంచే ఇదంతా జరిగిందని ఆయనకీ తెలిసిపోయి ఉంటుంది."

అక్క కూర్చుండిపోయి రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. ఏడ్చింది. పెద్ద ఇంజనీరు ముందు, విచారణాధికారి ముందు ముక్కు చీదుకుంటూ, సిగ్గు లేకుండా ఏడ్చింది. ఆరు రోజులు మొగుణ్ణి నేరస్థుడనుకుని, అయినా ఆయన బదులు తను జైలుకి పోదామనుకున్న మనిషి ఎలా ఏడుస్తుందో అలా. నేనూ ఏడ్చాను. దాచుకోవడానికేముంది?

మేడమ్ ఆమె తేరుకునేదాకా ఆగారు. టీ కప్పు పక్కకి జరిపి, తన మంచినీళ్ళ గ్లాసు అక్క ముందుకి తోశారు.

"మీ బావగారు సీట్లో ఎవరిని కూర్చోబెట్టారు?"

"చెప్పలేదు మేడమ్. నేనూ అడగలేదు."

"నన్ను ఊరుకోబెట్టడానికి అన్న మాటేమో కూడా" అని కలిపాను. పెద్దసారు వెంటనే అందుకున్నారు.

"అంతే అయ్యుంటుంది. సీటు ఖాళీగా వదిలేసి ఉంటాడు. ఎవడో దారినపోయేవాడు దూరి ఉంటాడు. ఈ పంప్‌హౌస్ వాళ్ళ సంగతి నాకు తెలీదా?"

"ఖాళీ కాదు" అంది అక్క.

గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది. తాగలేదు. ఏదో గుర్తు తెచ్చుకుంటున్న మనిషి చూసినట్టు నీళ్ళలోకి చూస్తోంది.

"ఆరూ యాభైకి నేను మళ్ళీ ఫోన్ చేశాను. రెండోసారి కొలిచినా అంతే వచ్చింది, ఏం చేసినా తెరవొద్దు అని చెప్పాను. అవతల ఎత్తినవాళ్ళు 'సరే' అన్నారు. ఒక్క మాట. పెట్టేశారు. వెనక మోటార్ల హోరు. ఆయనే అనుకున్నాను. ఇన్ని రోజులూ ఆయనే అనుకున్నాను కాబట్టి దాని గురించి మళ్ళీ ఆలోచించలేదు."

"ఆ గొంతు ఇప్పుడు గుర్తుపట్టగలరా?"

"ఒక్క మాటలో గొంతేం తెలుస్తుంది మేడమ్? కానీ..." అక్క కనుబొమలు ముడిపడ్డాయి. "ఆ మాట వెనకాల, ఫోనుకి బాగా దగ్గరగా, ఏదో చప్పుడు వచ్చింది. మోటారుది కాదు. చిన్న చప్పుడు. మా ఆయన చేతిలో అలాంటిదేమీ..."

ఆగిపోయింది.

ఏం చప్పుడని మేడమ్ అడిగారు. అక్క చెవి ఒగ్గి ఇంకేదో వింటోంది. ఫ్యాను తిరుగుతోంది. దాని కింద ఇంకో చప్పుడు ఉంది. మేం గదిలోకి వచ్చినప్పటి నుంచీ ఉంది, పాతికేళ్ళుగా ఉంది, గలగల, గలగల, ఒకే లెక్కన. అక్క మెల్లగా తలెత్తి బల్లకి అటువైపు చూసింది. నేనూ చూశాను.

పెద్దసారు వేలి మీద తాళాల గుత్తి ఆగిపోయింది.